నా వెంట వరదా, నా వెనుక వరదా?

కొల్లేటి కొంగ:
బ్రిటిష్ వైమానిక దళంలో 617వ స్క్వాడ్రన్ ముద్ర మీది ఫ్రెంచి మాట, "అప్రే మువా ల దెల్యూజ్", అంటే నా తరవాత వరద అని. 1943 మే 16 రాత్రి రూర్ ప్రాంతపు ఆనకట్టలు కొట్టిన లాంకాస్టర్ బాంబరు విమానాల దళం. దీనికో తెలుగు సేత చదివిన గుర్తు. "నా వెంట వరద" అనా, "నా వెనుక వరద" అనా? ఆ ఒక్క ముక్కే అందట్లేదు. "తరవాత" మాత్రం కాదు.

యతిభంగం:
'వెనుక' అయ్యుంటుంది. అది కాలమూ చెబుతుంది, చోటూ చెబుతుంది. 'వెంట' అంటే తోడు రావడం. వరద విమానానికి తోడెందుకు వస్తుంది?

నత్తగుల్ల:
మరి 'వెంటనే' ఎక్కణ్ణుంచి వచ్చిందండీ?

గట్టుమీది రాయి:
ఇక్కడ వెంటనే ఏదీ జరగలేదు. కట్టల మీద వేసిన బాంబు పీపా ఆకారంలో ఉండేది, పేరు అప్‌కీప్. ఆ పీపా 9,250 పౌండ్లు, అందులో టార్పెక్స్ అనే పేలుడు మందు 6,600. కట్ట చేరడానికి పది నిమిషాల ముందే మోటారు వేసి, నిమిషానికి 500 చుట్లు వెనక్కి తిప్పుతారు. వదలాల్సింది నీటికి 60 అడుగుల ఎత్తున. అంత కిందికి ఎత్తు చూపే ఆల్టిమీటరు పనికిరాదు. అందుకే విమానం పొట్ట కింద రెండు దీపాలు. వాటి వెలుగులు నీటి మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఎనిమిది అంకెలా కనబడితే ఎత్తు సరిపోయినట్టు. ఎక్కువైతే పీపా నీళ్లకు కొట్టుకుని పగులుతుంది, తక్కువైతే ఎగిసిన నీళ్లు తోకను దెబ్బతీస్తాయి. సరిగ్గా పడితే గెంతుకుంటూ, టార్పెడోలను ఆపే వలలు దాటి గోడకు తగులుతుంది. వెనక్కి తిరిగే ఊపు వల్ల అవతలికి పోకుండా గోడనే ఒరుసుకుంటూ దిగి, 30 అడుగుల లోతున నీటి ఒత్తిడికి పేలుతుంది. ఈలోగా విమానం గోడ దాటేసింది. నీటి స్తంభం లేవడం తిన్నగా చూసేవాడు తోకలో కూర్చున్న గన్నరు. కాబట్టి 'వెనుక'.

నత్తగుల్ల:
సరే, 'నా' ఎవరు? మోనే ఆనకట్ట దగ్గర దళనాయకుడు గిబ్సన్ పీపా గోడ చేరలేదు. హాప్‌గుడ్‌ది గోడ మీంచి ఎగిరి అవతలి విద్యుత్ కేంద్రం మీద పడింది. మార్టిన్‌ది పక్కకు పోయింది. యంగ్ వేశాక, ఐదోది మాల్ట్‌బీ వేస్తే గండి. ఒక్కో విమానంలో ఏడుగురు. పదిహేనో లూయీ రాజు ప్రియురాలు పాంపదూర్ పేర చెప్పే పాత రూపంలో బహువచనమే ఉంది, "అప్రే ను". అదే నయం.

యతిభంగం:
అయితే 'మా'నా, 'మన'నా? ఫ్రెంచికి ఆ బాధ లేదు, మనకుంది. పాత అర్థం "మనం పోయాక ఎవరి కొంప మునిగితే మనకేం" అని. అప్పుడు 'మన'. ముద్ర మీద గొప్పగా చెప్పుకునేది 'మా'.

గట్టుమీది రాయి:
కొంప మునగడం అక్కడ జాతీయం కాదు లెండి. దిగువన చచ్చిపోయినవాళ్లు 1,300 పైనే. నేహైమ్ శిబిరంలోని వెట్టి కార్మికులే వందల మంది. వెళ్లిన 133 మందిలోనూ 53 మంది పోయారు.

ఇంకోటి. వరద వానకొస్తుంది. కట్ట తెగితే వచ్చేదానికి ఆ మాట అతకదు, 'వెల్లువ' అనండి. ఆ రాత్రే కొట్టిన జోర్పె అనే మట్టికట్టకైతే అదీ లేదు: పీపాను తిప్పకుండా, కట్ట పొడవునా ఎగురుతూ వదిలారు. కట్ట పైభాగం చెదిరిందే గాని తెగలేదు.

కొల్లేటి కొంగ:
నేనడిగింది వెంటా వెనుకా అని.

యతిభంగం:
దానికి పోతన ఉన్నాడుగా. ఒకే ఊపులో రెండూ వాడాడు:

తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్, దాని వెన్
కను బక్షీంద్రుఁడు, వానిపొంతను ధనుఃకౌమోదకీ...

లక్ష్మి 'వెంట', గరుత్మంతుడు 'వెన్క'. దగ్గరివాళ్లకు వెంట, దూరమైనవాళ్లకు వెనుక. "దాని వెం/టను" అన్నా గణాలు చెడవు, ప్రాస నకారం చెడదు. అయినా మార్చాడంటే తెలిసి మార్చినట్టే.

నత్తగుల్ల:
పేరుకు తగ్గట్టే ఉన్నారు! రెండో పాదంలో పద్నాలుగో అక్షరం చూశారా? "ధనుఃకౌమోదకీ", కౌ. మత్తేభం కదా, పాదం మొదట్లో ట ఉంటే యతి ఏది? అక్కడ క కావాలి. గరుత్మంతుణ్ణి వెనక్కి నెట్టింది విష్ణువు గద.

యతిభంగం:
గదను ఆ చోట పెట్టిందెవరండీ మరి? 'వెన్క' ముందు తట్టి, దానికి యతిగా కౌమోదకి వచ్చి ఉండకూడదా?