ఉచిత యాప్‌కి వచ్చే ఫీచర్ కోరికలు: ‘కాదు’ అని ఎలా చెప్పాలి?

మిర్చియార్డు_బృందం (గుంటూరు)
గుంటూరు మిర్చి యార్డు ధరలు చూపించే ఉచిత యాప్ మాది. నలుగురమే, ఉద్యోగాలు అయ్యాక రాత్రిపూట చూసుకుంటాం. కోడ్ గిట్‌హబ్‌లో (ప్రోగ్రాముల కోడ్ పెట్టుకునే సైటు) అందరికీ తెరిచే ఉంది. తేజ, 334, 341, బ్యాడిగి రకాలకు క్వింటా కనిష్ఠ, గరిష్ఠ ధరలు వేస్తాం. ఇప్పుడు ఐదు కోరికలు వచ్చాయి: ఎస్సెమ్మెస్ అలర్టు, ఖమ్మం–వరంగల్ యార్డులు, కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని టిక్కీలున్నాయో (మిర్చి బస్తాలు) లెక్క, ఎక్సెల్ ఫైలు, తాలు (రంగు పోయిన నాసి కాయ) ధర. అన్నీ మావల్ల కాదు. అడిగినవాళ్లు నొచ్చుకోకుండా, మాలో ఎవరికీ విసుగు పుట్టకుండా ఎలా చెప్పాలి?

పటమట_పైథాన్
ముందు మీ నలుగురూ ఈ పని ఎందుకు చేస్తున్నారో ఒకచోట రాసుకోండి. జీతం లేని పనిని నడిపించేది అదే. ఒకరికి ఆ యాప్ తమకే కావాలి, ఒకరికి కొత్త విద్య నేర్చుకోవాలని, ఒకరికి రైతుకి పనికొస్తుందని, ఇంకొకరికి రెజ్యూమెలో చూపించుకోవాలని. ఏదీ తక్కువ కారణం కాదు. 2005లో అచ్చయిన లఖానీ–వుల్ఫ్ సర్వేలో 287 ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) ప్రాజెక్టుల నుంచి 684 మంది జవాబిచ్చారు. అందులో అన్నిటికంటే బలంగా కనిపించిన కారణం, ఆ పని చేస్తున్నప్పుడు తమలో సృజన మేలుకుంటుందన్న భావన.

ఇది తెలిస్తే కోరికల్ని తూచడం తేలిక. నేర్చుకోవడానికి వచ్చినవారికి ఒకేలాంటి స్క్రీన్లు మళ్లీ మళ్లీ అప్పజెబితే మెల్లగా తప్పుకుంటారు. రైతు కోసం వచ్చినవారు అదే పనిని తాలు ధర కోసమంటే ఇష్టంగా చేస్తారు. ఒక కోరిక పక్కన ‘నేను చేస్తాను’ అని మీలో ఎవరి పేరూ పడలేదంటే దాని జవాబు ‘కాదు’. ‘చూద్దామండీ’ అనకండి. మనం మర్యాదకి అంటాం, విన్నవాళ్లు ఒప్పుకున్నారనుకుని వారం వారం అడుగుతారు.

బ్రాడీపేట_4వలైను
ఒక్కొక్కటే చూద్దాం.

తాలు ధర చేయండి. తాలు ఎలాగూ వేరే ధరకే పోతుంది, మీకది ఉన్న పట్టికలో మరో వరస.

ఎక్సెల్ అడిగినవారికి నిజంగా కావలసింది లెక్కలు వేసుకోవడానికి వీలైన ఫైలు. సీఎస్వీ (కామాలతో విడదీసిన పట్టిక) చాలు. కానీ మామూలు యూటీఎఫ్-8లో (అక్షరాల్ని భద్రపరిచే పద్ధతి) రాసిన ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగంతా పిచ్చి గుర్తులుగా కనబడే ప్రమాదం ఉంది. ఫైలు మొదట్లో బామ్ (ఇది యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు) ఉండాలి. పైథాన్ అయితే ఎన్‌కోడింగ్ దగ్గర ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇవ్వండి, సరిపోతుంది.

ఎస్సెమ్మెస్ చూడ్డానికి చిన్నదే, మోస్తే తెలుస్తుంది బరువు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం గుంపుగా సందేశాలు పంపాలంటే డీఎల్‌టీ అనే నమోదు వేదికలో నమోదవ్వాలి, పంపేవారి పేరుగా కనబడే హెడర్‌కి, ప్రతి సందేశం నమూనాకి ముందే ఆమోదం ఉండాలి. వెళ్లే సందేశం నమూనాతో సరిపోలకపోతే ఆపరేటర్ దగ్గరే ఆగిపోతుంది. పైగా మెసేజికి ఇంత అని ఖర్చు. రిజిస్ట్రేషన్ లేని నలుగురు మిత్రులు నెత్తికెత్తుకునే పని కాదు. కాదనండి, బదులు టెలిగ్రామ్ చానల్ చూపించండి. బాట్ టోకెన్ (మీ స్క్రిప్టు పోస్టు చేయడానికి టెలిగ్రామ్ ఇచ్చే తాళంచెవి) ఉచితం, ధరలు ఎక్కించే స్క్రిప్టు చివర ఒక ఏపీఐ కాల్ (టెలిగ్రామ్‌కి పంపే ఆదేశం) చేరిస్తే పోస్టు దానంతట అదే పడుతుంది.

ఖమ్మం, వరంగల్ విషయంలో కోడ్‌తో ఇబ్బంది లేదు, మనిషి లేడు. అక్కడినుంచి రోజూ ధర పంపే పూచీ ఒకరు తీసుకుని, ఒక నెల తప్పకుండా పంపితే చేరుస్తామని రాయండి.

కోల్డ్ స్టోరేజీ లెక్క మాత్రం అస్సలు వద్దు. నమ్మదగిన సంఖ్య రోజూ మీ చేతికి రాదు. తప్పు సంఖ్య చూసి ఒక రైతు సరుకు అమ్మకుండా ఆపుకుంటే ఆ నష్టానికి మీ దగ్గర జవాబుండదు.

కమిషన్‌కొట్టు_గుమాస్తా
అడిగేవాళ్ల తరఫున ఒక మాట. కాదన్నందుకు వచ్చే కోపం రెండ్రోజుల్లో పోతుంది. నెలల తరబడి ఉలుకూ పలుకూ లేకపోతే వచ్చే కోపం పోదు. చేయకపోయినా వారంలోపు ఒక జవాబివ్వండి. ఎందుకు కాదో కారణం చెప్పండి, ‘టైం లేదు’ అని వదిలేయకండి. టైం లేదంటే వచ్చే నెల మళ్లీ అడుగుతాం మరి.

గవర్నర్‌పేట_గిట్
గుమాస్తా గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కారణం రాసి పెట్టడం వల్ల ఇంకో లాభం ఉంది: ఏళ్ల తర్వాత అదే కోరిక మళ్లీ వచ్చినా పాత కారణం చేతికి దొరుకుతుంది. పైథాన్ భాషలో స్విచ్ స్టేట్‌మెంట్ (విలువని బట్టి దారి ఎంచే ఆదేశం) కావాలన్న పెప్ 3103 అనే ప్రతిపాదన పత్రాన్ని 2007లో తిరస్కరించారు. పైథాన్ వాళ్ల పైకాన్ సభలో అభిప్రాయం అడిగితే మద్దతు రాలేదన్న కారణం ఆ పత్రంలోనే ఉంది. ఆ అవసరం వేరే రూపంలో, మ్యాచ్ స్టేట్‌మెంట్‌గా, 2021లో 3.10 వెర్షన్‌తో వచ్చింది.

మీ పద్ధతి ఇలా పెట్టుకోండి. వాట్సాప్‌లో వచ్చిన కోరికని అక్కడే తేల్చకుండా గిట్‌హబ్‌లో ఇష్యూగా (ఒక్కో కోరికకి ఒక చర్చా పేజీ) ఎక్కించండి. గిట్‌హబ్ ఖాతా లేని రైతు తరఫున మీరే ఎక్కించాలి, అది వారి నెత్తిన వేయకూడదు. ఇష్యూ ఫారంలో నాలుగే ప్రశ్నలు: ఏ పని జరగాలి, ఇప్పుడు ఎలా చేసుకుంటున్నారు, ఎన్నాళ్లకోసారి అవసరం, పరీక్షించడానికి సాయపడతారా. రెండో ప్రశ్నకి వచ్చే జవాబులోనే చాలాసార్లు పరిష్కారం దొరుకుతుంది. కాదనుకున్నదాన్ని ‘నాట్ ప్లాన్డ్’ అన్న కారణంతో మూసేయండి. మూసిన ఇష్యూ ఎక్కడికీ పోదు, వెతికితే దొరుకుతుంది. మళ్లీ ఎవరైనా అదే అడిగితే ఆ లింకు ఇస్తే చాలు.

మిర్చియార్డు_బృందం (గుంటూరు)
చాలా మేలు చేశారండీ. ఇంకో చిక్కు. ‘కోడ్ మేమే రాసిస్తాం, కలుపుకోండి చాలు’ అంటున్నారొకరు. దానికీ కాదనాలా?

బీసెంట్‌రోడ్డు_బ్యాకెండ్
ఒక్కోసారి అనాల్సిందే. రాసేది ఒక్కసారి, కాపాడేది ఏళ్ల తరబడి. జావా ప్రోగ్రాముల్లో జరిగేది నమోదు చేసే లాగ్4జే లైబ్రరీలో జేఎన్‌డీఐ లుకప్ (బయటి సర్వరు నుంచి సమాచారం తెచ్చేది) అనే సౌకర్యం 2013లో ఒక వాడుకరి ప్యాచ్‌తో (మార్పు కోడ్) సహా పంపిందే. కలిపారు. చాలామందికి దాని అవసరమే లేదు, అయినా మొదట్నుంచీ ఆన్‌లోనే ఉండేది. 2021 డిసెంబరులో ఆ దారినే లాగ్4షెల్ లోపం బయటపడింది, తీవ్రత పదికి పది. సెలవుల ముందు రాత్రింబవళ్లు కూర్చుని సరిచేసింది అక్కడి వాలంటీర్లు. అందుకే ప్యాచ్ చూసేటప్పుడు ‘పంపినాయన రేపు కనబడకపోతే దీన్ని మనలో ఎవరు మోస్తారు?’ అని అడగండి. ఎవరూ లేకపోతే ఫోర్క్ చేసుకోమనండి (కోడ్ నకలు తీసుకుని విడిగా నడుపుకోవడం), మీ రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయ పేజీ) ఆ ఫోర్క్ లింకు పెట్టండి. అది గౌరవమే. ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ కోడ్ ఎవరైనా వాడుకోవచ్చు, బయటివారి ప్యాచ్‌లు మాత్రం మామూలుగా తీసుకోరు. ఆ మాట వాళ్లు దాచకుండా చెప్పుకుంటారు.

ఒత్తిడికి లొంగి తాళాలు ఇచ్చేయకండి. ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ సంగతి గుర్తుందిగా. 2022లో ముక్కూ మొహం తెలియని ఖాతాలు ‘పని నడవట్లేదు, ఇంకొకరికి అప్పగించండి’ అని అలసిపోయిన మెయింటెయినర్ (కోడ్ కాపాడే మనిషి) వెంటపడ్డాయి. సాయానికి చేరిన ఖాతా నుంచే 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి దొంగదారి వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరపు కంప్యూటర్‌లోకి వెళ్లే దారి) అర సెకను ఆలస్యమవుతోందేమని ఒకరు ఆరా తీయబట్టి దొరికింది.

అరండల్‌పేట_ఆండ్రాయిడ్
జవాబు రాకపోతే తనంతట తానే ఇష్యూ మూసే స్టేల్ బాట్ పెట్టుకుంటే ఈ బాధంతా ఉండదు కదా?

గవర్నర్‌పేట_గిట్
బగ్గుల మీద వద్దండీ. నిజమైన బగ్గు పాతబడితే మాయమవదు. పైగా మనిషి అడిగిన మాటకి యంత్రం తలుపేస్తే మళ్లీ ఇటువైపు రారు. మీరు అడిగిన వివరానికి 60 రోజులు జవాబు రాని ఇష్యూలకే ఒక లేబుల్ తగిలించి, బాట్‌ని ఆ లేబుల్‌కే కట్టడి చేయండి.

మిర్చియార్డు_బృందం (గుంటూరు)
స్టేల్ బాట్ ఆలోచన వదిలేశాం. ఎస్సెమ్మెస్ అడిగినవారికి ఇది పంపుతున్నాం, చూడండి:

‘నమస్కారమండీ. ధర తెలుసుకోవడానికి రోజూ యాప్ తెరవక్కర్లేకుండా ఉండాలన్నది మీ అవసరమని అర్థమైంది. ఎస్సెమ్మెస్ పెట్టడం లేదు. దానికి కావలసిన రిజిస్ట్రేషన్, నెలనెలా ఖర్చు మోయగల సంస్థ మా వెనుక లేదు. అవే ధరలు టెలిగ్రామ్ చానల్‌లో వేస్తాం, వచ్చే ఆదివారానికి సిద్ధమవుతుంది. ఈ కోరికని ఇక్కడితో మూసేస్తున్నాం.’

కమిషన్‌కొట్టు_గుమాస్తా
బాగుంది. టెలిగ్రామ్ లేనివాళ్ల కోసం చానల్ వెబ్ లింకు కూడా పెట్టండి. చానల్ పబ్లిక్‌గా ఉంటే ఖాతా లేకుండానే బ్రౌజర్‌లో చదువుకోవచ్చు.