ప్యూరిఫయర్ రాత్రంతా నడిచినా పొద్దున తల బరువెందుకు?

నార్సింగి_4వ_ఫ్లోర్: పక్కనే రెండు టవర్లు లేస్తున్నాయి, కిటికీ తీస్తే దుమ్మే. బెడ్‌రూమ్ 12×10 అడుగులు, ఎత్తు 10. అన్నీ మూసి స్ప్లిట్ ఏసీ, ప్యూరిఫయర్ రెండూ వేసి ఇద్దరం పడుకుంటాం. మీటర్‌లో పీఎం 2.5 (గాల్లోని సన్న దుమ్ము) ఇరవై దాటదు. అయినా పొద్దున గదంతా ముక్కిపోయినట్టు, తల బరువుగా ఉంటోంది. ఫిల్టర్ మార్చాలా?

డక్ట్‌పని: ఫిల్టర్ తప్పు కాదండీ. ప్యూరిఫయర్ దుమ్మును పడుతుంది గానీ మీరు వదిలే ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టదు. స్ప్లిట్ ఏసీ కూడా ఉన్న గాలినే తిప్పుతుంది. మీ గది 34 ఘనపు మీటర్లు. ఇద్దరు పడుకుంటే తెల్లారేసరికి అది 2000 పీపీఎం (పది లక్షల్లో వంతులు) దాటడం మామూలే, బయట 430 దాకా ఉంటుంది. ఎన్‌డీఐఆర్ సెన్సార్ (పరారుణ కాంతితో కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా కొలిచేది) ఉన్న మీటర్‌తో చూడండి. చవక మీటర్లు చాలావరకు వేరే వాయువులను బట్టి అంచనా కట్టేవే, అగరబత్తి వెలిగిస్తే చాలు అంకె ఎగిరిపోతుంది.

మీకు కావాల్సింది గంటకు 50–60 ఘనపు మీటర్ల కొత్త గాలి. కిటికీలో ఒక అద్దం తీసి ప్లైవుడ్ బిగించి, 4 అంగుళాల ఇన్‌లైన్ ఫ్యాన్ (గొట్టం మధ్యలో బిగించేది), దాని ముందు మెర్వ్ 13 ఫిల్టర్ (సన్న దుమ్మును పట్టే రకం) పెట్టించండి. ఫిల్టర్ తగిలాక గాలి బాగా పడిపోతుంది, అందుకని డబ్బా మీద గంటకు 150 ఘనపు మీటర్ల పైన రాసున్న ఫ్యాన్ తీసుకోండి. ఫిల్టర్ ఎంత వెడల్పుంటే అంత మంచిది. ఫ్యాన్ గాలిని లోపలికే తోయాలి. తిరగేసి బిగిస్తే సందుసందునుంచీ దుమ్ము లాక్కొస్తుంది. పాత గాలి పోవడానికి తలుపు కింద అర అంగుళం సందు చాలు. బయట జాలీ తప్పనిసరి, లేకపోతే పావురాలు గూడు కట్టేస్తాయి.

ఫిల్టర్‌బాబాయ్: ప్యూరిఫయర్ గురించి ఒక మాట. సీఏడీఆర్ (గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పేది) అంకె ఫుల్ స్పీడ్‌ది. గంటకు ఐదుసార్లు గాలి మారాలంటే మీకు 170 ఘనపు మీటర్లు కావాలి, అది మీడియం స్పీడ్‌లోనే రావాలి. స్లీప్ మోడ్‌లో చాలా తగ్గిపోతుంది. ప్రీఫిల్టర్‌ని (ముందుండే జాలీ) రెండు వారాలకోసారి వాక్యూమ్ చేయండి. హెపాని (లోపలి సన్న ఫిల్టర్) మాత్రం కడగొద్దు. కొత్తది వేసేటప్పుడు ప్లాస్టిక్ కవర్ తీశారో లేదో చూడండి, నవ్వకండి, చాలామంది మర్చిపోయేది అదే.

డక్ట్‌పని: ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే జాగ్రత్త. అన్నీ బిగించి చిమ్నీయో ఎగ్జాస్టో వేస్తే గీజర్ పొగ వెనక్కి తన్నుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌ను ఏ ఫిల్టరూ ఆపదు.

నార్సింగి_4వ_ఫ్లోర్: థాంక్సండీ. ఫ్యాన్ పెట్టించేదాకా ఏం చేయమంటారు?

ఫిల్టర్‌బాబాయ్: బెడ్‌రూమ్ తలుపు హాల్లోకి తీసి పడుకోండి. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది. చలికాలం పొద్దున్నే మాత్రం కిటికీలు తీయకండి, పొగా దుమ్మూ అప్పుడు కిందే నిలిచి ఉంటాయి. సైట్‌లో లంచ్ టైమ్ చూసుకుని ఎదురెదురు కిటికీలు పదిహేను నిమిషాలు తీయండి.