"రక్తం పలచన చేసే మందు" అనొచ్చా?

ఒక అనువాదంలో ఇరుక్కుపోయానండీ, కాస్త సాయం చేయండి. డైవింగ్ చేసేవాళ్ళకి వచ్చే డీకంప్రెషన్ సిక్‌నెస్ మీద, దానికి ప్రయోగదశలో ఉన్న మందుల మీద వ్యాసం. నీళ్ళ లోతులో ఒత్తిడికి ఒంట్లో కరిగిన నైట్రోజన్, మనిషి గబగబా పైకొచ్చేస్తే సోడా మూత తీసినట్టు బుడగలైపోతుంది, ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాల్ బెర్ట్ 1878లోనే చెప్పాడు ఈ సంగతి. ఆ బుడగలకి ప్లేట్‌లెట్లు అతుక్కుని రక్తం గడ్డకట్టడం మొదలవుతుందని హెపారిన్ లాంటివి ఇచ్చి చూశారు. నేను "రక్తం పలచన చేసే మందులు" అని రాసేశా, అందరం అనేదే కదా అని. తీరా రెండు పేరాల కింద "ఈ జబ్బులో రక్తం చిక్కబడుతుంది" అని వచ్చింది!

— హహ, చిక్కదనమే చిక్కు తెచ్చిందన్నమాట. అవి రెండూ వేరండీ. బుడగలు రక్తనాళాల లోపలి పొరని దెబ్బతీస్తే ప్లాస్మా, అంటే రక్తంలో నీళ్ళలాంటి భాగం, బయటికి కారిపోయి కణాలు మిగిలిపోతాయి, అది చిక్కబడటం. దానికి సెలైన్ ఎక్కిస్తారు, నిజంగా పలచన చేసేది అదే. హెపారిన్ వేస్తే చిక్కదనం ఏమీ మారదు, గడ్డకట్టకుండా ఆపుతుంది అంతే.

— అయినా "పలచన" జనం నోట్లో నలిగిన మాట, డాక్టర్లూ అదే అంటారు. "ప్రతిస్కందకం" అని రాస్తే ఎవరు చదువుతారు సర్?

— ప్రతిస్కందకం నేనూ రాయను అన్నా, కానీ పక్క పేరాలో చిక్కబడటం ఉన్నప్పుడు పలచన అంటే చదివేవాడు తప్పకుండా పొరబడతాడు. "గడ్డకట్టనివ్వని మందు" అంటే పోలా? ఇంకోటి, నాళంలో బుడగ ఉంటే "అడ్డుపడింది" అనండి, దాన్ని కూడా గడ్డ అనేయొద్దు. మనిషిని ఒత్తిడి పెంచే చాంబర్లో పెట్టి 18 మీటర్ల లోతు ఒత్తిడిలో ఆక్సిజన్ ఇస్తే బుడగ చిన్నదైపోతుంది, గడ్డ అలా కరగదు కదా.

— హెపారిన్ గురించి రాసేచోట జాగ్రత్తండీ. వెన్నుపాములో, లోపలి చెవిలో రక్తస్రావం అవుతుందన్న భయంతో ఈ జబ్బుకే మందుగా దాన్ని ఇవ్వమనరు. కాళ్ళు చచ్చుబడి మంచం మీదున్నవాళ్ళకి కాలి సిరల్లో గడ్డలు రాకుండా మాత్రం హెపారిన్‌లోనే ఒక రకం ఇస్తారు. రెండిటికీ ఒకే మాట పడేస్తే ఒకచోట వద్దని ఇంకోచోట ఇవ్వమన్నట్టు ఉంటుంది.

— బాగా పట్టుకున్నారు, నా డ్రాఫ్ట్‌లో సరిగ్గా అలాగే ఉంది 🙈 ఇంకో డౌటు. పెర్‌ఫ్లోరోకార్బన్ ఎమల్షన్ అని ఒకటుంది, గ్యాసుల్ని బాగా కరిగించుకుంటుంది కాబట్టి నైట్రోజన్‌ని లాక్కుపోయి ఆక్సిజన్ అందిస్తుందట, జంతువుల మీద బాగానే పనిచేసింది. కాకపోతే ఎక్కించాక కొన్నాళ్ళు ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. డైవ్ తర్వాత కూడా "ప్లేట్‌లెట్లు తగ్గాయి" అని ఉంది. రెండుచోట్లా తగ్గాయి అంటే ఇది జబ్బు వల్లా మందు వల్లా ఎలా తెలుస్తుంది?

— డైవ్ తర్వాతవి బుడగలకి అతుక్కుని పోయినవి కదండీ, అక్కడ "ఖర్చయ్యాయి" అని రాయండి. మందు దగ్గర తగ్గాయి ఉంచేయండి.

— "ఖర్చయ్యాయి" భలే ఉంది, తీసేసుకుంటున్నా. "పలచన" అయితే మొత్తం ఆరు చోట్ల ఉంది, ఐదు మారుస్తా, సెలైన్ దగ్గరది ఉంచేస్తా.