మెడ ఆపరేషన్‌కి ముందు డీటీఐ స్కాన్ (నరాల పోగుల స్థితి చూసే ఒక రకం ఎంఆర్‌ఐ) ఎవరైనా చేయించారా? నాన్న చేతులు మామూలవుతాయో లేదో ముందే తెలుస్తుందా?

తెనాలి_పెద్దబ్బాయి
నాన్నకి 63 ఏళ్లు. రెండేళ్లుగా చేతులు మొద్దుబారుతున్నాయంటే షుగర్ వల్లే అనుకున్నాం. ఇప్పుడు చొక్కా గుండీలు అమ్మే పెడుతోంది. పోయిన నెల బజారు నుంచి ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చారు. రెండోది దారిలో ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు. ఎంఆర్‌ఐ తీస్తే మెడలో రెండుచోట్ల వెన్నుపాము నొక్కుకుపోయి, లోపల తెల్ల మచ్చ కనిపించింది. మైలోపతి అన్నారు. ఆపరేషన్ చేస్తే చేతులు బాగవుతాయా అని అడిగితే, "ఇంకా చెడకుండా ఆపడం ముఖ్యం, ఎంత వస్తుందో చెప్పలేను" అన్నారు సర్జన్ గారు. డీటీఐ తీస్తే ముందే తెలుస్తుందని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా అండి?

రేడియాలజీ_పీజీ
మామూలు ఎంఆర్‌ఐలో కనిపించే తెల్ల మచ్చ ఒక్కటే చూసి భవిష్యత్తు చెప్పలేం. అది వాపు కావచ్చు, శాశ్వతంగా పోయిన నరాల పోగులూ కావచ్చు. ఎంఆర్‌ఐలో టీ1, టీ2 అని రెండు రకాల బొమ్మలు తీస్తారు. టీ2లో తెల్లగా ఉన్నచోటే టీ1లో నల్లగా కూడా ఉంటే మాత్రం కోలుకోవడం తక్కువగా ఉంటుంది. మీ రిపోర్ట్‌లో ఆ మాట ఉందేమో చూడండి.

డీటీఐ చూసేది నీటి కదలికని. పొలంలో బోదెలు సరిగ్గా ఉంటే నీళ్లు బోదె వెంటే పారతాయి, గట్లు తెగితే మడంతా పరుచుకుంటాయి. వెన్నుపాములో పోగులు బాగున్నంతవరకు నీటి అణువులు వాటి వెంటే నిలువుగా కదులుతాయి. దీన్ని ఎఫ్‌ఏ అనే అంకెతో కొలుస్తారు, 0 నుంచి 1 వరకు. నొక్కుకున్నచోట అది పడిపోతుంది. ఆపరేషన్‌కి ముందు ఎఫ్‌ఏ మెరుగ్గా ఉన్నవాళ్లు బాగా కోలుకున్నారని కొన్ని అధ్యయనాల్లో వచ్చింది, కొన్నింట్లో ఆ సంబంధం అంత గట్టిగా లేదు.

కష్టం ఎక్కడంటే, వెన్నుపాము మన చిటికెన వేలంత. గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా కదులుతుంది. మిషన్ మారితే అంకె మారుతుంది. అందుకే "ఇంతకంటే తగ్గితే చేతులు రావు" అనే గీత ఎవరూ గీయలేదు.

సెయింట్‌లూయిస్_నుంచి
ఇక్కడ అమెరికాలో, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో డీబీఎస్ఐ అనే స్కాన్ పద్ధతి మీద పని చేస్తున్నారు. డీటీఐలో వాపు, పోగుల నష్టం కలిసిపోయి ఒకే అంకె వస్తుంది. ఇది ఆ రెండింటినీ విడదీసి చూపడానికి ప్రయత్నిస్తుంది. మెడ మైలోపతి ఆపరేషన్ ఫలితాన్ని ముందే అంచనా వేయడానికి కూడా వాడి చూశారు. ఆశ కలిగించే పనే కానీ, ఇంకా పరిశోధన దశే అండి. దాని కోసం మీ నాన్నగారిని ఎక్కడెక్కడికో తిప్పకండి.

కాకినాడ_లక్ష్మి
దయచేసి ఆలస్యం చేయొద్దు. మా వారి విషయంలో ఆ స్కాన్ ఎక్కడ తీస్తారా, రెండో అభిప్రాయం, మూడో అభిప్రాయం అంటూ నాలుగు నెలలు తిరిగాం. మొదట్లో గోడ పట్టుకుని నడిచే మనిషి, ఆపరేషన్ నాటికి వీల్‌చైర్‌లో ఉన్నారు. ఇప్పుడు వాకర్‌తో నడుస్తున్నారు, కుడిచేత్తో అన్నం కలుపుకోలేరు. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఫిజియో_వరంగల్
లక్ష్మి గారి మాటే నాదీ. లక్షణాలు ఎంతకాలంగా ఉన్నాయి, ఇప్పుడు ఎంత తీవ్రంగా ఉన్నాయి, వయసు, పొగతాగడం: ఇవి ఏ స్కాన్‌కీ తీసిపోని సూచనలు. ఎంజేఓఏ స్కోర్ (చేతుల పని, నడక, స్పర్శ, మూత్రం అదుపు చూసి మైలోపతి తీవ్రతకి వేసే మార్కులు) ఎంతో డాక్టర్‌ని అడగండి. 18కి 18 వస్తే లోపం లేనట్టు, 15 నుంచి 17 స్వల్పం, 12 నుంచి 14 మధ్యస్థం, 11 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రం. 2017 అంతర్జాతీయ మార్గదర్శకాలు మధ్యస్థం, తీవ్రం రెండింటికీ ఆపరేషనే సిఫార్సు చేశాయి.

ఇంకొకటి ఇంట్లోనే చేయండి. 10 సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు పూర్తిగా మూసి తెరవగలరో లెక్కపెట్టి, వీడియో తీసి పెట్టుకోండి. మామూలుగా 20 దాకా రావాలి. ఆపరేషన్ తర్వాత నెలనెలా ఇదే చూడండి. మార్పు ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనిపిస్తుంది, ఏడాది దాకా కూడా వస్తుంది.

రేడియాలజీ_పీజీ
మీరు ఆపరేషన్ చేయించుకునేచోటే డీటీఐ ఉంటే, తేదీ జరపకుండా తీయించండి. తర్వాత తీద్దామంటే ప్లేట్లు, స్క్రూల వల్ల ఆ చుట్టుపక్కల బొమ్మ చెదురుతుంది. అంతేకానీ ఆపరేషన్ చేయించాలా వద్దా అనేది ఆ అంకెతో తేల్చుకోకండి.

తెనాలి_పెద్దబ్బాయి
అందరికీ చాలా థాంక్స్ అండి. సర్జన్ గారిని మళ్లీ కలిశాను. నాన్న స్కోర్ 12. మచ్చ టీ2లోనే ఉంది, టీ1లో లేదు. వాళ్ల దగ్గర మెడకి డీటీఐ తీయరట. వచ్చే గురువారం ఆపరేషన్‌కి ఒప్పుకున్నాం. రాత్రి వీడియో తీశాను: కుడిచేయి 9, ఎడమ 12. లెక్క అయ్యాక నాన్న మళ్లీ ఇంకోసారి తీయమన్నారు, ఈసారి 10 వచ్చింది.

లక్ష్మి గారూ, ఆపరేషన్ అయ్యాక మీ వారికి మెడ కాలర్ ఎన్నాళ్లు పెట్టారు? నేను సెలవు ఎన్ని రోజులు పెట్టుకోవాలో తెలియడం లేదు.