‘ఇంజను బోరుకొచ్చింది’ అనే మాట గురించి

అమలాపురం దగ్గర మా కొబ్బరితోట షెడ్డులో తాతగారి అంబాసిడర్ ఏళ్ళ తరబడి కదలకుండా ఉంది. మళ్ళీ తిప్పుదామని ఈమధ్య బయటికి తీశాం. జిడ్డు తుడుస్తుంటే ఇంజను బ్లాకు మీద రివెట్లు కొట్టిన చిన్న అల్యూమినియం రేకు కనిపించింది. దాని మీద 020, కింద 010, 010 అని అంకెలు. నాన్నగారు ఇంజను నంబరేమో అనుకున్నారు. రావులపాలెం నుంచి వచ్చిన పెద్ద మెకానిక్ గారు మాత్రం చూడగానే చెప్పేశారు: ‘ఆయ్, ఇది ఒకసారి బోరుకొచ్చిన ఇంజనండి. బోరు ఇరవై ఎక్కింది, క్రాంకు పది దిగింది.’

ఆ రెండు వాక్యాలు విన్నప్పటి నుంచి నా మనసు కారు మీద కంటే మాట మీదే ఉంది.

ముందు అంకెల సంగతి. బోరు అంటే ఇంజనులో పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండరు రంధ్రం. ఇరవై అంటే ఇరవై థౌ. అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ. మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చినా లేత్ షాపుల్లో థౌ పోలేదు. పిస్టన్ రింగులు రాసుకుని రాసుకుని సిలిండరు పైభాగంలో ఎక్కువగా అరిగి, గుండ్రతనం పోతుంది. దాన్ని లేత్ షాపులో మళ్ళీ గుండ్రంగా తొలిచి, ఆ సైజుకి తగ్గ పెద్ద పిస్టన్లు వేస్తారు. 1489 సీసీ ఇంజనులో ఇరవై థౌ తొలిస్తే దాదాపు 1510 సీసీ అవుతుంది. పిస్టన్ల ఊపుతో తిరిగే ఇరుసు క్రాంకు. దానిది దీనికి ఎదురు. అరిగిన చోట గ్రైండింగ్ చేస్తే సన్నబడుతుంది, అందుకని బేరింగులు మందమైనవి వేయాలి. క్రాంకులో బేరింగుల మధ్య తిరిగే నున్నటి భాగాలను జర్నల్స్ అంటారు. రెండు 010లలో ఒకటి మెయిన్ జర్నల్స్‌ది, ఒకటి కనెక్టింగ్ రాడ్లు పట్టే జర్నల్స్‌ది. తర్వాత విప్పేవాడు ఏ సైజు సామాను తెచ్చుకోవాలో తెలియడానికే ఆ రేకు.

రేకు మీద ప్లస్ లేదు, మైనస్ లేదు. ఒకటి పెరిగింది, ఒకటి తగ్గింది అని అంకె చెప్పలేదు. ‘ఎక్కింది’, ‘దిగింది’ అని ఆయన తెలుగు చెప్పింది.

ఇక ‘బోరుకొచ్చింది’. చేను కోతకొచ్చింది అంటాం. కోనసీమలో కొబ్బరికాయలు దింపే వేళయితే తోట దింపుకొచ్చింది అంటాం. ఇదీ ఆ వరసలోదే. చేయాల్సిన పనికి వేళయింది అని అర్థం. పొగ కక్కుతూ, నూనె తాగేస్తున్న ఇంజను గురించి ‘పాడైపోయింది’ అనకుండా, పంట గురించి చెప్పినట్టు చెప్పడం నాకు ఎంతో నచ్చింది. బాగు చేయవచ్చన్న భరోసా ఆ ‘కు వచ్చు’లోనే ఉంది.

ఈ మాట గురించి మన గుంపులో ఒకరు ‘బోరు ఇంగ్లీషు మాట, ఇందులో చర్చేముంది’ అన్నారు. మాట ఇంగ్లీషుదే, కాదనను. కానీ పక్కన చేరిన క్రియలన్నీ మనవి. బోరు వేయిస్తే నీళ్ళ కోసం. బోరు పడింది అంటే నీళ్ళు తగిలాయి. బోరు కొడితే విసుగు. బోరుకొస్తే ఇంజను. క్రియ మారగానే అర్థం మారిపోతోంది, ఎవరికీ తికమక లేదు. వీటికి ఏ సంబంధమూ లేని మన సొంత బోరు ఇంకొకటి ఉంది: బోరుమని ఏడవడం. అది ధ్వనిని బట్టి వచ్చిన మాట.

‘రంధ్ర విస్తరణ’ అని అనువదించుకోవచ్చు కదా అన్నవారికి కూడా ఒక మాట. తొలవడం, తూటు, తొర్ర లాంటి మాటలు మనకు ఉండగా అంత బరువైనది ఎందుకండీ? తొలిపించడం అంటే సరిపోతుంది. అయినా ‘తొలుపుకొచ్చింది’ అని నేను ఎక్కడా వినలేదు.

భీమవరం వైపు చెరువుల మీద డీజిల్ ఇంజన్లు నడిపేవాళ్ళు ఈ గుంపులో ఉన్నారు. మీ దగ్గర కూడా క్రాంకు ‘దిగింది’ అనే అంటారా, ఇంకేమైనా అంటారా?