నౌపడ ఉప్పుమడుల్లో వంపు ముక్కు పక్షి, ఏంటిది?

టెక్కలి కుర్రోడు:
అందరికీ నమస్తే. మొన్న ఆదివారం ఫ్రెండ్స్‌తో తేలినీలాపురం వెళ్ళాం, గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్ల నిండా ఉన్నాయి, బాగుంది, కాని నా క్వశ్చన్ వాటి గురించి కాదు. వచ్చేటప్పుడు నౌపడ ఉప్పుమడుల దగ్గర బండి ఆపితే బురదలో ఒక్కటే ఒక పక్షి, కోడిపెట్టంత ఉంటది, మట్టిరంగు, ఒంటినిండా గీతలు, ముక్కు మాత్రం కొడవలిలా కిందకి వంగి ఇంత పొడుగు. ఆ ముక్కు మొత్తం బురదలోకి దింపి పీతని లాగింది, కాలు పట్టుకుని విదిలించి విదిలించి కాళ్ళు ఊడగొట్టి అప్పుడు మింగింది. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి, మావాళ్ళేమో "ఏదో కొంగలే, పద రా ఆకలేస్తంది" అని ఒకటే గోల. ఫోన్లో ఫొటో తీస్తే చుక్కలా వచ్చింది. ఏ పక్షి అది, రేరేనా?

విజినారం బర్డర్:
కంకణం పక్షి (ఐబిస్) కాదులెండి, అది తెల్లగా నల్ల తలతో ఉంటది. మీరు చెప్పిందాన్ని బట్టి కర్లూ గాని వింబ్రెల్ గాని అవ్వాలి. నడినెత్తి మీద లేత చార, దానికి అటూఇటూ ముదురు పట్టీలు ఉన్నాయా? ముక్కు తలకి ఎన్ని రెట్లుంది?

టెక్కలి కుర్రోడు:
పట్టీలు లేవండి, తలంతా ఒకేలా ఉంది. ముక్కు తలకి మూడు రెట్లు ఈజీగా ఉంటది. ఎగిరేటప్పుడు "కర్‌లీ... కర్‌లీ" అని సాగదీసి అరిచింది.

విజినారం బర్డర్:
ఇంకేం, యురేషియన్ కర్లూ! వింబ్రెల్ ముక్కు పొట్టి, అరుపు కూడా గబగబా టిటిటిటి అని ఉంటది. అంత పొడుగు ముక్కంటే ఆడది అయ్యుండొచ్చు, మగదానికి కొంచెం తక్కువ. చలికాలంలో మన తీరానికి వస్తాయి కాబట్టి మరీ రేర్ అనను, కాని ముప్పులో ఉన్న జీవుల ఐయూసీఎన్ లిస్టులో నియర్ త్రెటెన్డ్, అంటే ముప్పుకి దగ్గర్లో ఉన్నట్టు. దీని చుట్టం ఒకటి, స్లెండర్ బిల్డ్ కర్లూ, 1995లో మొరాకోలో కనబడ్డాక మళ్ళీ గట్టి ఆధారంతో ఎవరికీ కనబడలేదు, ఇక లేదనే అంటున్నారు. అది తెలిసినకాడ్నించీ కర్లూ కనిపిస్తే చాలు నేను అక్కడే చతికిలబడిపోతా. ఇంకో తమాషా, అందరూ తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వచ్చాయంటారు కదా, ఆ గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మన దేశంలో గుడ్లుపెట్టే పక్షులే. నిజంగా ఆ ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చింది మీవాళ్ళు కొంగన్న ఆ మట్టిరంగుదే :)

ఇచ్ఛాపురం మాస్టారు:
బాబూ, ఏటి ఆ అదృష్టం! మా తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు ఇళ్ళ మధ్య చెట్లమీదే గూళ్ళు కడతాయి, ఆటికి మనిషంటే బెదురు లేదు. కర్లూ అలగ కాదు, చాలా దూరంలో మనిషి నిలబడితే చాలు లేచిపోద్ది. గట్టు చాటున కూకో, పొద్దు వీపున ఉండేలా చూసుకో, అదే మేసుకుంటా దగ్గరకొస్తాది. ఫొటో కోసం ఎనకాల పరిగెట్టకు, ఎగిరిన ప్రతిసారీ దాని మేత పోతాది. చుక్కలాటి ఫొటో అయినా పర్లేదు, ఈబర్డ్‌లో ఎక్కించు, చూసిన పక్షుల్ని నమోదు చేసే సైటు అది. జనవరిలో నీటిపక్షుల లెక్క ఉంటాది, దానికీ రా.

టెక్కలి కుర్రోడు:
థాంక్స్ మాస్టారూ, థాంక్స్ అన్నా. కర్లూ అని చెప్తే మావాళ్ళు ఇప్పుడు మేమూ వస్తాం అంటున్నారు, ఒక్కణ్ణే తీసుకెళ్తా, మిగతావాళ్ళ నోరు ఆగదు. బైనాక్యులర్ ఎవరిదగ్గరైనా ఉంటే ఒక్క పూటకి ఇస్తారా?

విజినారం బర్డర్:
నా దగ్గర 8×42 ఉంది, ఇవ్వను గాని నేనే వస్తా. ఆదివారం తెల్లారేసరికి టెక్కలి బస్టాండ్‌లో ఉండు, ఎర్రచొక్కా మాత్రం వేసుకురాకు.