అప్‌డేట్: అమ్మతో కొడైకెనాల్ ప్రయాణం

మోకాళ్ల నొప్పులున్న అమ్మను కొడైకెనాల్ తీసుకువెళితే సరస్సు దగ్గర బస మంచిదా, ఊరికి దూరంగా ఉన్న కాటేజీ మంచిదా అని లోగడ అడిగాను. సరస్సు దగ్గరే ఉండమని ఎక్కువమంది ఇచ్చిన సలహా నూటికి నూరుపాళ్లు సరైనదని వెళ్లివచ్చాక చెప్పగలను.

1863లో లెవింజ్ అనే అధికారి చొరవతో ఏర్పడిన ఆ సరస్సు చుట్టూ ఉన్న సుమారు 5 కిలోమీటర్ల దారి చాలావరకు చదునుగా ఉండడం వల్ల, అమ్మ ఓపికున్నంత దూరం నడిచి, అలసినచోట కూర్చుని, హాయిగా తిరిగి వచ్చేది. ఉదయం మంచు విడిపోతున్నప్పుడు ముందుగా ఒడ్డున కట్టిన పడవల కొసలు, ఆ తరువాతే అవతలి గట్టు చెట్లు కనిపించేవి. ఆ కాసేపు ఆమె నొప్పి మాటే ఎత్తలేదు.

కొండ అంచు వెంట నడకదారి అయిన కోకర్స్ వాక్‌కు, నిలువెత్తు రాతి స్తంభాలున్న పిల్లర్ రాక్స్‌కు పొద్దున్నే వెళ్లడం మేలు, ఎందుకంటే మబ్బు కమ్మితే లోయ అసలు కనబడదు. బెరిజం సరస్సుకు అటవీశాఖ అనుమతి కావాలి కాబట్టి దానిని వదులుకున్నాము.

ఇక ప్రయాణం సంగతి. కొడైకెనాల్ రోడ్ స్టేషన్ నుంచి ఊరు దాదాపు 80 కిలోమీటర్లు, అందులో ఎక్కువ భాగం ఘాట్ మలుపులే. పెద్దవాళ్లు ఉంటే నెమ్మదిగా నడపమని డ్రైవరుకు ముందే చెప్పండి. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి వాహనాలకు ఈ-పాస్ అమలులోకి వచ్చింది, కనుక బయలుదేరే ముందే నిబంధనలు చూసుకుని తీసుకోండి. ఊరు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. వేసవిలోనైనా పెద్దవాళ్లకు స్వెటరు, మేజోళ్లు తప్పనిసరి.